ఒక మెట్టు పెంచి

మా నాన్న గవర్నమెంటు వాళ్ళందరికీ నోటితోనే ప్రమోషన్ ఇచ్చేస్తాడు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాణ్ణి ఏఈ గారూ అంటాడు. ఉత్తరం తెచ్చినాయన్ని పోస్టుమాస్టరు గారూ అంటాడు. ఏ ఆఫీసులోనైనా జూనియర్ అసిస్టెంటు కనబడితే సూపరింటెండెంటు గారూ అని చేతులు జోడిస్తాడు. కానిస్టేబులు ఎస్సై అవుతాడు, ఎస్సై సీఐ అవుతాడు. ఉన్న హోదాతో పిలవడమంటే ఆయన దృష్టిలో మనిషిని చిన్నబుచ్చడమే. "దానికేం ఖర్చే అమ్మాయ్? మనిషి మొహం విచ్చుకుంటే పని దానంతటదే అవుతుంది" అంటాడు.

నాకు ఒళ్ళు మండుతుంది. నేను పనిచేసేది హైటెక్ సిటీలో. అక్కడ మా డైరెక్టరునైనా పేరు పెట్టే పిలుస్తాం, ఎవరూ ఏమీ అనుకోరు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో గవర్నమెంటు ఉద్యోగుల మాట వస్తే మావాళ్ళు పెట్టే పేర్లు వినాలి. సర్కారు అల్లుళ్ళట, కుర్చీలు వేడెక్కించే బ్యాచట, చెయ్యి తడపనిదే పెన్ను మూత తియ్యనివాళ్ళట. అందరితో పాటు నేనూ నవ్వుతాను. ఆ నవ్వు నవ్వినందుకు ఇంటికొచ్చాక నా మీద నాకే కోపం వస్తుంది. మా నాన్న జన్మంతా గవర్నమెంటులోనే చేశాడు, మేం తిన్న అన్నం ఆ జీతంలోదే.

నాన్న సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాడు. కూకట్‌పల్లిలో మేం ముగ్గురం ఉండే ఫ్లాటు తలుపు మీద మాత్రం సూపరింటెండెంట్, రిటైర్డ్ అని రాయించుకున్నాడు. లోకానికంతా ఇచ్చిన ప్రమోషన్ తనకూ ఒకటి ఇచ్చుకున్నాడన్నమాట. బోర్డు బిగించిన రోజున నేనూ అమ్మా మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నాం. పోనీలే, ఎవరికొచ్చిన నష్టం అనుకున్నాం.

ఈమధ్య అమ్మకి మతిమరుపు ముదిరింది. ముందు పేర్లు పోయాయి. నన్ను అమ్మాయ్ అని పిలుస్తుంది గానీ పేరు చెప్పమంటే దిక్కులు చూస్తుంది. చిత్రమేమిటంటే హోదాలు మాత్రం పోలేదు. తహసీల్దారు గారి ఆవిడ కాకరకాయ పులుసు ఎలా పెట్టేదో, ఇంజనీరు గారి ఆవిడకి ఏ చీరలంటే ఇష్టమో పూసగుచ్చినట్టు చెబుతుంది. తను ఎవరంటే మాత్రం, ఆయన భార్యనండి అంటుంది. ఏ ఆయన అంటే, అదేంటండీ అలా అడుగుతారు అని కోప్పడుతుంది.

ఆ రోజు రెండో శనివారం. గవర్నమెంటుకు సెలవు, మాకు మాత్రం కొత్త సాఫ్ట్‌వేరు విడుదల చేసే రోజు. అందుకని అమ్మను గచ్చిబౌలి వైపు ఉన్న ఆస్పత్రికి నాన్నే క్యాబులో తీసుకెళ్ళాడు. పరగడుపున రక్తం తీయాలన్నారు కాబట్టి ఆమె పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఎండలు మండిపోతున్నాయి. నేను చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఎవరి మీదో అరుస్తుండగా నాన్న ఫోన్ వచ్చింది.

"అమ్మాయ్, మీ అమ్మ కుర్చీలో లేదు."

"లేకపోవడమేంటి? బాత్రూముకి వెళ్ళిందేమో చూడు."

"చూశానమ్మా. అంతా చూశాను. కూర్చోమని చెప్పి మందుల దగ్గరికి వెళ్ళాను. వచ్చేసరికి లేదు."

"ఏమైనా తిన్నదా?"

"రక్తం తీశాక షుగరు మాత్ర వేశాను. టిఫిను తిందువుగాని ఆగమన్నాను."

మాత్ర వేసుకుని తిండి తినకపోతే ఆమెకు ఎలా అవుతుందో ఇంతకుముందు చూశాను. ముందు చేతులు వణుకుతాయి, ఒళ్ళంతా చెమట పడుతుంది, తరవాత ఉన్నచోటే కూలిపోతుంది. ఆ సమయంలో ఎవరైనా ఇంత చక్కెర నోట్లో పోయాలి. పొయ్యకపోతే మనిషి దక్కదని డాక్టరు అప్పుడే చెప్పాడు. మా టీమ్ లీడ్‌కి చెప్పను కూడా చెప్పకుండా కారు తాళాలు పట్టుకుని పరిగెత్తాను.

ఆస్పత్రికి వెళ్ళేసరికి నాన్న గేటు దగ్గర మందుల కవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. జేబులో పెన్ను, కాళ్ళకు పాలిష్ బూట్లు, ఆస్పత్రికి వెళ్ళినా ఆఫీసుకు వెళ్ళినట్టే వెళతాడాయన. కెమెరాలో చూస్తే అమ్మ తిన్నగా గేటు దాటి వెళ్ళి, ఒక ఆటోను ఆపి, ఎక్కింది. అంతే. ఆటో నంబరు కనబడలేదు. ఆ ఆటో ఎటు పోయిందో ఎవరికి తెలుసు? ఆ రోడ్ల మీద నడిచే మనిషికి చోటే ఉండదు. పైన ఫ్లైఓవరు, కింద దూసుకుపోయే కార్లు, పక్కన అద్దాల గోడలు. ఆకుపచ్చ చీర కట్టుకున్న ముసలావిడ ఎక్కడో దిగి నిలబడితే ఆగి అడిగేవాళ్ళెవరు?

అప్పటికే ఒక కానిస్టేబుల్ వచ్చి వివరాలు అడుగుతున్నాడు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. నాన్న చేతులు జోడించి, "ఎస్సై గారూ, తమరే దయ చూడాలి" అన్నాడు.

"ఎస్సైని కాదు సార్, కానిస్టేబుల్‌ని. జర ఫికర్ పడకుండ్రి. ఎవరన్న అడిగితే ఆమె ఏమని చెప్పుకుంటది? పేరు చెప్తదా?"

"పేరు గుర్తుండదండి. భర్త హోదా చెబుతుంది. సూపరింటెండెంటు గారి భార్యనని చెబుతుందండి. రిటైర్డ్ సూపరింటెండెంట్."

అంత గాభరాలోనూ ఆ మెట్టు వదలలేదు చూడండి. ఛీ అనిపించింది. కానీ అప్పుడు గొడవ పెట్టుకునే టైమా? పళ్ళు బిగపట్టుకున్నాను. కానిస్టేబుల్ అదే మాట ఫోన్‌లో కంట్రోల్ రూముకు చెప్పాడు. ఆకుపచ్చ చీర, మతిమరుపు, అడిగితే సూపరింటెండెంట్ భార్యనంటుంది, చూసినవాళ్ళు ముందు చక్కెర నీళ్ళు తాగించాలి. ఆ మాటలు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి.

నేను ఆస్పత్రి ముందు కొట్లో గ్లూకోజు పొడి కొని, నీళ్ళ సీసాలో కలిపి పెట్టుకున్నాను. చుట్టుపక్కల సందులన్నీ కారులో తిరిగాం. బస్టాపుల దగ్గర, టీ బండ్ల దగ్గర ఆగి ఫోన్‌లో ఫోటో చూపించాను. చూళ్ళేదమ్మా అనేవాళ్ళే అందరూ. తిరిగి ఆస్పత్రి దగ్గరికి వచ్చేసరికి కానిస్టేబుల్ ఎదురొచ్చాడు.

"మేడం, లింగంపల్లి స్టేషన్ల ఒకామె ఉన్నదట. పచ్చ చీరనే. ప్లాట్‌ఫారం మీద ఒక్కతే కూసుంది, ఏమడిగినా మాట్లాడతలేదట. ఫోటో పంపిన్రు, చూడుండ్రి."

ఫోటో వెనకనుంచి తీసింది, చెయ్యి కదిలి మసకబారింది. పచ్చ చీర, నెరిసిన ముడి, వంగిన భుజాలు. అమ్మలాగే ఉంది. ఏ అమ్మయినా అలాగే ఉంటుందేమో కూడా. "రైలు వస్తే ఎక్కేస్తుంది, పదండి పదండి" అన్నాను. కానిస్టేబుల్ నా కారులోనే ముందు సీట్లో కూర్చున్నాడు. నాన్న వెనక ఎక్కాడు.

కారు బయలుదేరాక కానిస్టేబుల్ మాటల మధ్యలో అన్నాడు, "ఇంకొక ఫోన్ గూడ వచ్చిందట. ఖాజాగూడ చెరువు కాడ సర్కార్ ఆఫీస్ ఒకటి ఉంది, ఇయ్యాల బంద్. ఎవరో ముసలామె వచ్చి మెట్ల మీద కూసుందని వాచ్‌మన్ చెప్పిండు. కానీ గామె మీ అమ్మ కాదు మేడం. మా వాళ్ళు గప్పుడే పక్కకు పెట్టిన్రు."

"ఎందుకు కాదు?"

"ఆమె చప్రాసీ పెండ్లాన్నని చెప్తుందట. మీరేమో సూపరింటెండెంట్ సార్ భార్య అంటిరి. వాచ్‌మన్‌ది మామూలు ఫోను, ఫోటో పంపనీకి రాదు. మళ్ళ చేస్తే స్విచాఫ్ వస్తుంది."

"మా అమ్మ కాదులెండి. లింగంపల్లికే పోదాం" అన్నాను. నాకు ఏ అనుమానమూ రాలేదు. మా ఇంట్లో చప్రాసీ ఎవరు?

గచ్చిబౌలి కూడలి దగ్గర ఎర్ర సిగ్నల్ పడింది. అక్కడి నుంచి ఒక దారి లింగంపల్లికి, ఒక దారి ఖాజాగూడకి. నేను లింగంపల్లి వైపు వెళ్ళే వరసలో ఆపాను. ఎప్పుడూ వాగుతూ ఉండే నాన్న, కానిస్టేబుల్‌ని ఇంకో నాలుగుసార్లు ఎస్సై గారూ అని బతిమాలాల్సిన నాన్న, నోరు విప్పలేదు. అద్దంలో చూశాను. జేబులోని పెన్నును తీస్తున్నాడు, పెడుతున్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

పచ్చ సిగ్నల్ పడింది. నేను గేరు వేశాను. అప్పుడు వెనకనుంచి చెయ్యి నా భుజం మీద పడింది.

"ఖాజాగూడకి తిప్పమ్మా."

"నీకు మతి పోయిందా నాన్నా? విన్లేదా ఆయన చెప్పింది? ఆవిడెవరో చప్రాసీ భార్యట!"

"విన్నాను. తిప్పు."

వెనక హారన్లు మొదలయ్యాయి. ఎవడో అద్దం దించి తిడుతున్నాడు. నేను కదల్లేదు. నాన్న కిటికీ వైపు చూస్తూ అన్నాడు, "ఆవిడ అబద్ధం చెప్పలేదమ్మా. గుమాస్తా కాకముందు నేను చేసింది అదే పని. నువ్వింకా పుట్టలేదు."

కానిస్టేబుల్ వెనక్కి తిరిగి చూశాడు. నేను స్టీరింగు తిప్పేశాను. పక్క వరసలో బస్సు గట్టిగా బ్రేకు కొట్టింది. ఆ డ్రైవరు నన్ను ఏమన్నాడో దేవుడికే తెలియాలి.

దారంతా నాన్న కిటికీతోనే మాట్లాడాడు. పదో తరగతి పాసై కోస్తాలో ఒక చిన్న ఊళ్ళో ఆఫీసులో చేరాడట. ఆఫీసరు గది బయట స్టూలు మీద కూర్చోవడం, బెల్లు మోగితే లోపలికి పరిగెత్తడం, ఫైళ్ళు మోయడం, దొరగారి టిఫిను క్యారియరు కడగడం. పెళ్ళై అమ్మ కాపురానికి వచ్చింది ఆ ఉద్యోగానికే. తరవాత డిపార్టుమెంటు పరీక్షలు రాసి గుమాస్తా అయ్యాడు. అవగానే హైదరాబాదుకు మార్పించుకున్నాడు, ఇక్కడైతే పాత సంగతి ఎవరికీ తెలియదని. అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడట, పుట్టబోయే బిడ్డకు కూడా చెప్పకూడదని.

అమ్మ ఇన్నేళ్ళూ ఆ ఒట్టు నిలబెట్టుకుంది. ఇప్పుడు ఒట్టు వేశానన్న సంగతే మరిచిపోయింది.

చిన్నప్పుడు మా బళ్ళో గంట కొట్టే ఆయన్ని నేను బంట్రోతు అన్నాను. ఎన్నడూ నా మీద చెయ్యెత్తని నాన్న చెంప పగలగొట్టాడు. ఆ మాట ఇంట్లో ఇంకోసారి వినబడితే ఊరుకోనన్నాడు. అంతటి మర్యాదస్తుడు మా నాన్న అని నేను కాలేజీలో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ చెంపదెబ్బ అసలు ఎందుకు పడిందో కారు నడుపుతుంటే అర్థమైంది. జాలి వెయ్యలేదు. కోపం వచ్చింది. మామూలు కోపం కాదు.

"మరి ఇందాకటి నుంచీ నోరు మూసుక్కూర్చున్నావే! ఆయన చెప్పగానే చెప్పొద్దూ? అమ్మ అక్కడ పడిపోతే? నీ హోదా నెత్తిన పెట్టుకుని ఊరేగుతావా?"

"ఎస్సై గారి ముందు..." అని ఏదో గొణిగాడు.

"నేను కానిస్టేబుల్‌ని పెద్దాయనా" అన్నాడు కానిస్టేబుల్. విసుక్కోలేదు. ఫోన్ చేసి, "ఖాజాగూడ ఆమెనే మనామె. లింగంపల్లి కాడ వేరే ఎవరన్న పోయి చూడుండ్రి" అన్నాడు. తరవాత నాతో, "మేడం, జర మెల్లగ. మనం మంచిగుంటేనే గదా ఆమెను చూసుకునేది" అన్నాడు.

ఆఫీసు గేటు బార్లా తీసి ఉంది. మెట్ల మీద ఎవరూ లేరు. వాచ్‌మన్ కంగారుగా ఎదురొచ్చాడు.

"ఆఫీసుకు పోవాలన్నదని ఆటోవాడు గీడ దింపిపోయిండు సార్. ఇప్పటిదాక గీడనే ఉండె. నీళ్ళియ్యబోతే తాగలె. లోపల మా ఆయన ఉన్నడు, బెల్లు కొట్టంగనే వస్తడు అంటది. సెలవమ్మా, లోపల ఎవ్వరు లేరంటే ఇంటలేదు. ఫోన్ ఛార్జింగ్ పెట్టనీకి పోయొచ్చేసరికి లేచి ఎటో పోయింది. చేతులు గజగజ వణుకుతున్నయి ఆమెకు."

వణుకు మొదలైందన్నమాట. కానిస్టేబుల్ చెరువు గట్టు వైపు పరిగెత్తాడు. వాచ్‌మన్ రోడ్డు మీదికి ఉరికాడు. నేను గ్లూకోజు సీసా పట్టుకుని ఎటు వెళ్ళాలో తెలియక ఆ ఆవరణలో గిరగిరా తిరిగాను. అమ్మా అని అరిచాను. ఆమె అమ్మా అంటే పలకడం మానేసి చాలా రోజులైందని అరిచాక గుర్తొచ్చింది. ఏడుపొచ్చేసింది.

నాన్న మాత్రం నిలబడి ఆ బిల్డింగును కిందినుంచి పైకి చూశాడు. "వెనకాల" అన్నాడు. "ఆ ఊళ్ళో మా గది ఆఫీసు వెనకాల ఉండేది." మోకాళ్ళ నొప్పుల మనిషి, బిల్డింగు పక్కనుంచి గోడ పట్టుకుంటూ దాదాపు పరుగు లాంటి నడక నడిచాడు. నేను వెనకే వెళ్ళాను.

వెనక విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన బీరువాలు గుట్టగా పడేసి ఉన్నాయి. ప్రహరీ గోడ ఒకచోట కూలిపోయింది, ఆ సందులోంచి చూస్తే గుర్రపుడెక్క పట్టిన చెరువు. తాళం వేసిన ఒక పాత గది ముందు, ఇంత నీడలో, అమ్మ కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది. చెమటకు జాకెట్టు తడిసి ముద్దయింది. చెప్పులు విడిచి గడప పక్కన వరసగా పెట్టుకుంది.

నాన్నను చూడగానే గోడ పట్టుకుని లేవబోయింది. పమిట భుజాల చుట్టూ కప్పుకుంది. వణికే రెండు చేతులూ జోడించింది.

"దండాలండీ దొరగారూ."

నాన్న ఆగిపోయాడు.

"మా ఆయన తమరి దగ్గరే బంట్రోతండి. పొద్దున అన్నం తినకుండా వచ్చేశారండి. కాస్త పంపించండి బాబూ, తినేసి చిటికెలో వచ్చేస్తారు. చాలా మంచివారండి ఆయన."

నేను సీసా మూత తీసి ఆమె నోటి దగ్గర పెట్టాను. "అమ్మా, తాగు. ముందు ఇది తాగు." మొహం తిప్పేసుకుంది. "ఆయన తినందే నేనెలా తాగుతానమ్మా?" బలవంతంగా వంచబోతే సీసాను తోసేసింది. నీళ్ళు కొన్ని ఒలికిపోయాయి. ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి. "నాన్నా, ఏదో ఒకటి చెయ్యి!" అని అరిచాను. అప్పటికి కానిస్టేబుల్, వాచ్‌మన్ కూడా వచ్చి మూల దగ్గర నిలబడ్డారు.

"పంపిస్తానమ్మా" అన్నాడు నాన్న. వెనక్కి తిరిగి బిల్డింగు మలుపు దాటి వెళ్ళాడు. ఈయన ఎక్కడికి పోతున్నాడు, ఇప్పుడా పోవడం అని నేను తిట్టుకున్నాను. మలుపు అవతల బూట్లు విప్పిన చప్పుడైంది. కళ్ళజోడు, జేబులో పెన్ను తీసి కానిస్టేబుల్ చేతిలో పెట్టాడు. ఇన్ చేసిన చొక్కా బయటికి లాగాడు. అక్కడినుంచే గట్టిగా, అందరికీ వినబడేలా, "ఏమే!" అని కేక వేశాడు.

అమ్మ కళ్ళు తెరిచింది. "ఎవరండీ?"

"నేనేనే. బంట్రోతుని. దొరగారు పొమ్మన్నారు."

కాలే బండల మీద ఉత్తకాళ్ళతో నడిచి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆమె ఆయన మొహం తడిమి చూసింది. నా చేతిలోని సీసా లాక్కుని, "ముందు మీరు" అంది. ఆయన ఒక గుక్క తాగాడు. మిగతాదంతా ఆమె తాగింది, మధ్యమధ్యలో ఆగి, ఆయనింకా అక్కడే ఉన్నాడో లేదో చూసుకుంటూ.